నడిమధ్య ఎండిన ఆబ్రియెటాకు నీళ్లు కాదు, కత్తెర కావాలి

ప్రశ్న: మేడమ్, మేం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాం. రెండేళ్ల కిందట ఇంటి ముందు ఆబ్రియెటా అనే, నేల మీద పరుచుకునే పూలమొక్క నాటాను. మొదటి ఏడాది ఆకు కనపడనంతగా ఊదా పూలు పూసింది. ఈ వసంతంలో అంచుల్లోనే పూసింది. మధ్యలో ఎండి పుల్లలు తేలాయి. రోజూ నీళ్లు పోస్తున్నాను, ఎరువు కూడా వేశాను. బతుకుతుందా? దీని విత్తనాలు గుంటూరులో మా అమ్మకు పంపవచ్చా?

– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ రోజూ నీళ్లు పోయడం ఆపండమ్మా. ఆబ్రియెటా గ్రీస్, టర్కీ వైపు కొండల్లో రాతి సందుల్లో పుట్టిన మొక్క. వాన ఎంత కురిసినా అక్కడ వేళ్ల దగ్గర నీరు నిలవదు. మీ లెస్టర్ చుట్టుపక్కల ఎక్కువగా బంకమట్టి. మన నల్లరేగడిలాగే తడిస్తే ఓ పట్టాన ఆరదు. మంచుకు, చలికి ఈ మొక్క బెదరదు. చలికాలమంతా వేళ్లు తడిలో నానితేనే కుళ్లుతుంది.

మధ్యలో పుల్లలు తేలడానికి ఇంకో కారణం కత్తిరించకపోవడం. పూలు అయిపోగానే, అంటే మే చివర్లోనో జూన్‌లోనో, కత్తెర తీసుకుని చుట్టూ సగం వరకు కోసేయాలి. చాలామందికి చెయ్యి రాదు. పచ్చగా ఉన్నదాన్ని కోయడమేమిటని టెన్షన్ పడతారు. కానీ కోస్తేనే కొత్త చిగుళ్లు దట్టంగా వచ్చి, చలికాలంలోనూ ఆకు నిలుస్తుంది. ఒక్క జాగ్రత్త: ప్రతి రెమ్మకూ కాస్త ఆకు మిగలాలి. ఆకు లేని ముదురు పుల్ల దాకా కోస్తే మళ్లీ చిగురించడం కష్టం.

మీ మొక్కలో ఎండిన నడిభాగం మీద నాకు పెద్దగా ఆశ లేదు. అంచులు బాగున్నాయి కదా, అక్కడి నుంచి కొత్త మొక్కలు చేసుకోండి. జూలైలో పూలు లేని లేత రెమ్మలు వేలెడు పొడవున తెంపి, కింది ఆకులు గిల్లేసి, ముతక ఇసుక, కంపోస్టు సమపాళ్లలో కలిపిన కుండీలో గుచ్చి నీడన పెట్టండి. వేళ్లు వచ్చాక ఎండ బాగా తగిలేచోట జానెడు ఎత్తున మడి కట్టి, మట్టిలో సన్న కంకర దండిగా కలిపి నాటండి. సున్నం ఉన్న నేల దీనికి ఇష్టం. మీ పక్కనున్న డెర్బీషైర్‌లో సున్నపురాయి గోడల మీద ఇది జారుతూ పూయడం చూస్తే మీకే తెలుస్తుంది. ఎరువు పెద్దగా అక్కర్లేదు. ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి పువ్వు తగ్గుతుంది.

ఒక పువ్వు కోసి దగ్గరగా చూడండి. నాలుగే రేకులు, ఎదురెదురుగా ఉంటాయి. ఇది మన ఆవాల కుటుంబమే. మొక్కకు ఈ పేరు క్లోడ్ ఆబ్రియె అనే ఫ్రెంచి చిత్రకారుడి మీదుగా వచ్చింది. 1700లో టూర్నఫోర్ అనే వృక్షశాస్త్రవేత్త వెంట గ్రీకు దీవులకు, టర్కీకి వెళ్లి అక్కడి మొక్కల బొమ్మలు గీశాడాయన.

విత్తనాలు మాత్రం పంపకండి. భారతదేశానికి విత్తనాలు పంపాలంటే దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అవన్నీ తెచ్చినా గుంటూరు ఎండలకు ఇది నిలవదు. అమ్మగారిని నర్సరీలో టేబుల్ రోజ్ తెచ్చుకోమనండి. ఒక రెమ్మ తుంచి గుచ్చితే చాలు, ఆ ఎండలోనే నేలంతా పాకి పూస్తుంది.