పక్కింటి మీదికి వాలిన వేపకొమ్మలు: ఎవరు కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. పెరట్లో మా మామగారు నాటిన ముప్ఫై ఏళ్ల వేపచెట్టు ఉంది. రెండు పెద్ద కొమ్మలు ప్రహరీ దాటి పక్కింటి రేకుల షెడ్డు మీదికి వెళ్లాయి. ఈ వానాకాలం చివర్లో చిగుళ్లు మాడిపోయి సగం చెట్టు ఎండినట్టు కనిపిస్తోంది. 'చెట్టు చచ్చింది, మొదలుకంటా కొట్టించండి, లేకపోతే నేనే కొట్టిస్తా' అని పక్కింటాయన కాగితం రాసిచ్చాడు. ఇన్నేళ్లూ లేని అభ్యంతరం ఇప్పుడు చెప్పొచ్చా? కొట్టించాలంటే పర్మిషన్ కావాలా? ఏ నెలలో కొట్టిస్తే మంచిది? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెట్టు నిజంగా చచ్చిందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. మీ కేసంతా దాని మీదే ఆధారపడి ఉంది. వేపకు ఇలా కొమ్మల చివర్లు మాడే జబ్బు 2021లో తెలంగాణ అంతటా కనిపించింది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం దీనికి కారణం. టీ దోమ అనే పురుగు లేతచిగురులో రసం పీల్చడంతో అది ఇంకా ముదురుతుంది. చెట్లన్నీ చచ్చిపోయాయని అప్పట్లో చాలామంది కొట్టించేశారు. కొట్టకుండా ఆగినవాళ్ల చెట్లు చాలావరకు ఎండాకాలానికి మళ్లీ చిగురించాయి. బొటనవేలంత లావు కొమ్మ మీద బెరడును గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా, పుల్ల విరిచినట్టు పుటుక్కున విరిగితే అది పోయినట్టే. నాలుగైదు చోట్ల ఇలా గీకి, తేదీ పడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. రేపు ఆయన 'చచ్చిన చెట్టు' అంటే మీ దగ్గర చూపించడానికి ఉండాలి.

ఇక హక్కుల సంగతి. ఈ విషయంలో చట్టం మీకు కాస్త చేదుగానే ఉంటుంది. మీ కొమ్మ ఆయన స్థలం మీదికి వెళ్లడం న్యూసెన్సే. ముప్ఫై ఏళ్లుగా ఉందన్న మాట పనికిరాదు. కొమ్మలు పక్కవాళ్ల మీద వాలే హక్కు ఎన్నేళ్లయినా సంక్రమించదని బొంబాయి హైకోర్టు పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే చెప్పింది. తన స్థలంలో నిలబడి, సరిహద్దు దాటి వచ్చిన కొమ్మను సరిహద్దు వరకు ఆయన సొంతంగా తీయించుకోవచ్చు. అంతవరకే. మీ పెరట్లోకి దిగడానికి, గోడకు ఇవతల ఉన్న కొమ్మను ముట్టుకోవడానికి హక్కు లేదు. చెట్టు మొదలులో రంధ్రం చేసి ఇంగువ పెడితే అది చస్తుందని ఊళ్లలో చెప్తారు. అలాంటి పని ఎవరైనా చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 324 కింద నష్టం కలిగించిన నేరమవుతుంది. అన్నట్టు, ఆయన నరికించిన కొమ్మల కట్టె కూడా మీదే. మామిడిచెట్ల తగాదాల్లో నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇదే చెప్తాను: కొమ్మ కొట్టే హక్కు ఉంటుంది, కాయలు తినే హక్కు రాదు.

అన్నిటికంటే పట్టించుకోవాల్సింది ఆయన ఇచ్చిన కాగితం. అది చేతికి అందిన రోజు నుంచి 'నాకు తెలియదు' అనడానికి వీల్లేదు. పచ్చటి కొమ్మ గాలిదుమారానికి విరిగితే దైవాధీనం అని వాదించొచ్చు. ఎండిందని ముందే చెప్పిన కొమ్మ షెడ్డు మీద పడితే మాత్రం నిర్లక్ష్యం అంటారు. రేకుల ఖర్చు, ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మీ నెత్తిన పడతాయి. పైగా ఆయన తహసీల్దారుకో ఆర్డీవోకో వెళ్తే, పడిపోయే స్థితిలో ఉన్న చెట్టు మీద బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 152 కింద ఉత్తర్వు రావచ్చు. చెట్టును తీసేయమనడం ఒక్కటే కాదు, ఆసరా కట్టమనే ఉత్తర్వు కూడా ఆ సెక్షన్ కింద ఇవ్వొచ్చు. ఇది చాలామంది అడగడం మర్చిపోతారు.

కాబట్టి గోడ దాటిన ఎండు కొమ్మల్ని ఈ వారంలోనే తీయించండి. ప్రమాదం ఉన్నచోట సీజన్ చూడొద్దు. బతికి ఉన్న కొమ్మలకు మాత్రం డిసెంబరు నుంచి జనవరి సగం వరకు అనుకూలం. వానలు ఆగి ఉంటాయి, గాయం తడిసి కుళ్లదు. వేప ఇంకా ఆకు రాల్చి చిగురు తొడగదు, తొర్రల్లో రామచిలుకలు గుడ్లు పెట్టడం మొదలై ఉండదు. పక్షుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం గూటినీ గుడ్లనీ కదిలించడం కూడా వేట కిందే లెక్క. అందుకే మనిషిని ఎక్కించే ముందు తొర్రలు, గూళ్లు చూడమనండి. ఎండాకాలం మధ్యలో కాకి గూడుంటే అందులో కోకిల గుడ్డు కూడా ఉండొచ్చు. ఒక్కసారే పావు వంతుకు మించి పచ్చటి కొమ్మలు తీయొద్దు. కోసినచోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయించండి. కరెంటు తీగ దగ్గరుంటే 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించడం) తీసుకున్నాకే కత్తి ఎత్తనివ్వండి.

పర్మిషన్ గురించి అడిగారు. చెట్టు మీ స్థలంలో ఉన్నా, మీ మామగారే నాటినా, మొదలుకంటా కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అటవీ శాఖ అనుమతి ఉండాల్సిందే. సరుగుడు, యూకలిప్టస్ లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది, వేపకు ఆశ పెట్టుకోకండి. పక్కింటాయన ఒత్తిడి మీద కొట్టించినా కేసు మీ మీదే రాస్తారు. ఎండు కొమ్మలు తీయడం వేరు, తల నరికి మోడు చేయడం వేరు. మోడు చేసి 'కొమ్మలే తీశాను' అంటే ఆ వాదన నిలబడుతుందని నాకు నమ్మకం లేదు. పెద్ద కొమ్మలు రెండూ మొదట్లోకి తీయించాలనుకుంటే ముందే అటవీ శాఖ ఆఫీసులో ఒక దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఉగాది వరకు ఆగితే చెట్టే సాక్ష్యం చెప్తుంది. అప్పటికీ చిగురు రాకపోతే కొట్టే దరఖాస్తు పెట్టండి. ఈలోగా ఆయన కాగితానికి నాలుగు ముక్కల జవాబు రాయండి: ఫలానా తేదీన గోడ దాటిన ఎండు కొమ్మలు తీయిస్తున్నాం, మీ షెడ్డు మీదికి మనుషులు ఎక్కాల్సి వస్తే ఒప్పుకోండి, మొదలు బతికే ఉంది, ఫోటోలు జతపరిచాం. కాపీ మీద ఆయన సంతకం తీసుకోండి. పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫోటోలతో పాటు దాచండి.