ఫుట్‌నోట్లలో కనిపించే ఈ 'ద బాకర్' ఎవరు? ఆయన పుస్తకం ఇప్పటికీ పనికొస్తుందా?

పాత మిషనరీల గురించి చదువుతుంటే ప్రతి రెండో ఫుట్‌నోట్లో 'ద బాకర్' అని వస్తోందనీ, ఆ పుస్తకం వెతికి చూడటం అవసరమా అనీ అడిగారు. అవసరమే. జెసూట్లనే కాథలిక్ పాద్రీల సంఘంవాళ్లు ఏమేం రాశారో చెప్పే జాబితా అది. కాకపోతే చేతిలో ఉన్నది ఏ కూర్పో ముందు చూసుకోండి. ఆ సంగతి తెలియక నేను మూడు సాయంత్రాలు వృథా చేసుకున్నాను.

అగుస్తీన్ ద బాకర్ బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో 1809లో పుట్టారు. 1835లో యేసు సభలో, అంటే జెసూట్లలో, చేరారు. సభ పాద్రీలు రాసినవాటి జాబితాలు అంతకుముందూ వచ్చాయి గానీ చివరి పెద్ద జాబితా 1676 నాటిది. ఆ తర్వాత 1773లో పోప్ సభనే రద్దు చేశారు. 1814లో మళ్లీ అనుమతించేసరికి వాళ్ల గ్రంథాలయాలు ఎక్కడివక్కడ చెల్లాచెదురైపోయాయి. ఎవరు ఏం రాశారో మొదటినుంచీ కూడబెట్టాల్సిన పని. దాన్ని ద బాకర్ నెత్తికెత్తుకున్నారు, తమ్ముడు అలోయిస్ తోడయ్యారు. 1853 నుంచి 1861 దాకా బెల్జియంలోనే లియేజ్ ఊళ్లో ఏడు భాగాలు అచ్చయ్యాయి.

నేను బోల్తాపడింది ఇక్కడే. ఆ ఏడూ ఒకే వరుసలో సాగవు. దొరికిన సమాచారాన్ని దొరికినట్టు అచ్చేశారు కాబట్టి ఏ భాగానికి ఆ భాగం మళ్లీ 'ఎ' నుంచి మొదలవుతుంది. మొదటి భాగంలోనే 'జెడ్' దాకా కనిపించేసరికి పుస్తకం ఇంతే కాబోలనుకున్నాను.

నేను వెతికింది గాస్తోఁ కూర్దూ కోసం. 1732లో మన దేశానికి వచ్చి, తెలుగు సీమలో పనిచేసి, 1779లో పుదుచ్చేరిలో చనిపోయిన ఫ్రెంచి పాద్రీ. తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపి నిఘంటువు కట్టారు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ చుట్టరికం ఉందని బ్రిటిష్ పండితుడు విలియం జోన్స్ 1786లో చెప్పక ముందే, 1760లలో పారిస్‌కి రాసి పంపారు. అది అచ్చయ్యేసరికి 1808 వచ్చింది, పేరంతా జోన్స్‌కి పోయింది. (నాకు ఇప్పటికీ కడుపుమంటే.)

స్కాన్ కాపీలో ఆయన పేరు టైపు చేసి వెతికితే సున్నా. ఫ్రెంచిలో ఆ పేరులోని 'ఓ', 'ఈ' అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుని ఒకే అక్షరంలా ఉంటాయి. కంప్యూటర్ దాన్ని ఇంకేదో అక్షరంగా చదువుకుంది. చివరికి పేరు చివరి నాలుగక్షరాలు మాత్రం కొట్టాను, దొరికింది. మీరూ పేరు మొత్తం కొట్టకండి.

ఇక ఆ పుస్తకంలో తప్పులు లేవా అంటే, బోలెడు. పారిస్‌లో వోజిరార్ కాలేజీలో ఉప గ్రంథపాలకుడిగా ఉన్న కార్లోస్ సొమ్మెర్‌వోగెల్ అనే కుర్ర జెసూట్ ఈ పుస్తకం చదువుతూ పొరపాట్లు రాసుకోవడం మొదలెట్టాడు. నాలుగేళ్లు రాశాడు. తేలింది 800 పేజీలు, 10,000 పైచిలుకు సవరణలు! మన దగ్గర ఎవరి పుస్తకానికైనా అన్ని తప్పులు పట్టి చూపిస్తే ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలుంటాయా? ద బాకర్ మాత్రం అవన్నీ తీసుకుని, 1869లో మొదలైన రెండో కూర్పులో సొమ్మెర్‌వోగెల్ పేరు తమ పేర్ల పక్కన చేర్చుకున్నారు. మూడు పెద్ద సంపుటాలు. మూడోది పూర్తికాకుండానే 1873లో లియేజ్‌లో కన్నుమూశారు. మిగిలినవాళ్లు 1876లో దాన్ని బయటికి తెచ్చారు.

ఆ తర్వాత సొమ్మెర్‌వోగెల్ మొత్తం తిరగరాసి 1890 నుంచి 1900 వరకు తొమ్మిది సంపుటాలు వేశారు. మీరు నేరుగా దీనికే వెళ్లండి. అసలు జాబితా ఒకటే వరుస. ఎనిమిదో సంపుటం చివరా, తొమ్మిదో సంపుటంలోనూ అనుబంధం ఉంది, అక్కడ కూడా ఒకసారి వెతకండి. ఫ్రెంచి రాకపోయినా కంగారు అక్కర్లేదు, వివరణలు పొడిపొడిగా ఉంటాయి: శీర్షిక, ఊరు, సంవత్సరం, పుస్తకం సైజు. 'ఇన్-12' అంటే ఒక్క అచ్చుకాగితాన్ని పన్నెండు ఆకులయ్యేలా మడిచారని, అంటే జేబులో పట్టే పుస్తకమని.

ఒక్క జాగ్రత్త. ఇందులో అంకెలు పేజీలకి కాదు, కాలమ్‌లకి. పేజీకి రెండు కాలమ్‌లు. నేను స్కాన్ కాపీలో పేజీ ఎంతో చూసి అదే వ్యాసంలో వేశాను. సంపాదకుడు ఆ పేజీ తీసి చూస్తే అక్కడ కూర్దూ లేడు, ఇంకెవరో ఉన్నారు. వ్యాసం తిరిగొచ్చింది.