ఇంట్లో నింపిన మానసిక పరీక్ష పత్రం కోర్టులో నిలుస్తుందా?

ప్రశ్న: మా ఏడేళ్ల పాప కస్టడీ కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. కోర్టు ఆదేశంతో నేనూ, మావారూ ఒకే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాం. నేను అక్కడే కూర్చుని 567 ప్రశ్నలకూ జవాబులు గుర్తించాను. ఆయన మాత్రం పని ఉందంటూ పత్రాలు ఇంటికి తీసుకెళ్లి నాలుగు రోజులకు తిరిగిచ్చారు. ఆయన నిలకడైన మనిషి అనీ, నాకు ఆందోళన ఎక్కువ అనీ నివేదిక వచ్చింది. దీన్ని కొట్టేయించవచ్చా?

జవాబు: అమ్మా, మీ బాధలో న్యాయం ఉంది. కానీ కొట్టేయమని అడిగితే పని జరగదు. వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకున్న ఏ నివేదికనైనా ఫ్యామిలీ కోర్టు తీసుకోవచ్చని 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. సాక్ష్య చట్టం నియమాలు దానికి అడ్డురావు. కాబట్టి నివేదిక ఫైల్లోనే ఉంటుంది. దానికి ఎంత విలువ ఇవ్వాలన్న దగ్గరే మీరు గట్టిగా పట్టుబట్టాలి.

567 ప్రశ్నలంటే అది వ్యక్తిత్వాన్నీ, మానసిక స్థితినీ అంచనా వేసే ఎంఎంపీఐ-2 పరీక్ష అయి ఉంటుంది. జవాబుల్లో బుకాయింపును పసిగట్టే స్కేళ్లు, అంటే కొలమానాలు, అందులోనే ఉన్నాయి. అయితే కలం ఎవరి చేతిలో ఉందో, పక్కన కూర్చుని ‘దీనికి ఇలా పెట్టు’ అని ఎవరైనా చెప్పారో లేదో అవి తేల్చలేవు. అందుకే దీన్ని నిపుణుల పర్యవేక్షణలో రాయించడం పద్ధతి. పాప ప్రవర్తన గురించి తల్లిదండ్రులు నింపే ప్రశ్నావళుల సంగతి వేరు. వాటిలో కొన్నింటిని ఇంటికి పంపడం మామూలే. వాటి జోలికి వెళ్లకండి.

నేను చూసిన ఒక కేసులో జవాబు పత్రం సగం వరకు నీలం సిరాతో చిన్న టిక్కులు, అక్కడి నుంచి నల్ల సిరాతో పెద్ద సున్నాలు. నివేదికలో ఆ ఊసే లేదు. అసలు పత్రం తెప్పించాకే బయటపడింది. మీరూ ముందు ఇద్దరి జవాబు పత్రాలనూ కోర్టుకు తెప్పించమని దరఖాస్తు వేయండి. వాటిని మరో క్లినికల్ సైకాలజిస్టుకు చూపించే అనుమతి కూడా అందులోనే అడగండి.

తర్వాత ఆ సైకాలజిస్టును క్రాస్ ఎగ్జామినేషన్‌కు పిలిపించాలి. పత్రం ఎన్ని రోజులు బయట ఉంది, మీవారే నింపారని ఎలా తెలుసు, ఇంటికి పంపిన విషయం నివేదికలో ఎందుకు రాయలేదు, ఇద్దరికీ రెండు పద్ధతులు పెట్టి ఒకరితో ఒకరిని ఎలా పోల్చారు? ఈ చివరి ప్రశ్నే మీ కేసుకు ప్రాణం. నిపుణుడి అభిప్రాయం సలహా మాత్రమేననీ, న్యాయమూర్తి సొంతంగా తేల్చుకునేందుకు వీలుగా దానికి ఆధారాలు చూపాలనీ 1999లో జైలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీవారి బదులు ఇంకెవరో రాశారని మాత్రం ఆధారం లేకుండా ఆరోపించకండి. ఇద్దరికీ ఒకే చోట, ఒకే పద్ధతిలో మళ్లీ పరీక్ష పెట్టమని అడగండి. కోర్టు ఒప్పుకుంటే మీరూ తప్పకుండా హాజరు కావాలి. ఆదేశించిన పరీక్షకు నిరాకరిస్తే ఆ వ్యక్తికి ప్రతికూలంగా భావించవచ్చని 2003లో శారద, ధరంపాల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.