1949 ప్రోగ్రాముల పెట్టె దొరికిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బ్రిస్టల్‌లో పాత సామాన్ల సంతకు వెళ్తే 1949 నాటి స్పీడ్‌వే మోటార్‌సైకిల్ పందేల ప్రోగ్రాము పుస్తకాలు పెట్టెడు దొరికాయని, వాటితో ఆ ఏటి జట్ల లీగ్‌లో రెండో అంచె అయిన సెకండ్ డివిజన్ సీజన్ మొత్తం రాస్తానని ఫోన్‌లో చెప్పావు. అప్పటి నుంచి సంతోషంతో నాకు నిద్ర పట్టడం లేదు. షెఫీల్డ్‌కి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, ఒక గురువారం సాయంత్రం ఔలర్టన్ స్టేడియం వైపు వెళ్తున్న జనం వెంట ఊరికే నడిచాను. ఆ మిథనాల్ వాసన ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇన్నేళ్లుగా ఈ పాత కాగితాలు తిరగేస్తూ నేర్చుకున్నది నీకు రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసెయ్. టేపు అతికించకు, లామినేషన్ అసలే వద్దు. తడిసి అతుక్కుపోయిన వాటిని విడదీయడానికి ప్రయత్నించకు.

ఇక అసలు విషయం. ప్రోగ్రాం పందేనికి ముందే అచ్చవుతుంది. అందులో అచ్చైన పేరు ఆ రాత్రి బండెక్కాల్సిన వాడిది, ఎక్కినవాడిది కాకపోవచ్చు. గాయమైనా, బండి మొరాయించినా రిజర్వ్ రైడర్ దిగేవాడు. ఎవరో ప్రేక్షకుడు పెన్సిల్‌తో పేరు కొట్టేసి పక్కన రాసుకున్నదే మనకు సాక్ష్యం. నేను మొదట్లో ఇది పట్టించుకోలేదు. అచ్చులో ఉన్న పేరు చూసి, ఒక రైడర్‌కి తొమ్మిది పాయింట్లు రాసి ఆయన కూతురికి పంపాను. ఆ రాత్రి నాన్న ఆసుపత్రిలో ఉన్నారండీ అని ఆవిడ జవాబు రాసింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

కానీ పెన్సిల్‌నీ గుడ్డిగా నమ్మకు, లెక్కతో పరీక్షించు. ఒక రాత్రి మ్యాచ్‌లో ఒక్కో చిన్న పందెం ఒక హీట్. హీట్‌కి నలుగురు, జట్టుకి ఇద్దరు చొప్పున, నాలుగు చుట్లు. గెలిచినవాడికి 3, తర్వాతి ఇద్దరికి 2, 1, చివరివాడికి సున్నా. అంటే హీట్‌కి ఆరు పాయింట్లు, 14 హీట్లకు 84. రెండు జట్ల మొత్తం 84 కాకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టు. అయితే తేడా కనిపించగానే తప్పని కొట్టెయ్యకు. ఇద్దరు పడిపోయి ఇద్దరే గమ్యం చేరి ఉంటే ఆ ఒక్క పాయింట్ ఎవరికీ వెళ్లదు. ఇద్దరూ సరిగ్గా ఒకేసారి గీత దాటితే అర పాయింట్లు వస్తాయి, మొత్తం మాత్రం మారదు. అలాంటి చోట మర్నాటి పేపర్ తియ్యి. ఇక్కడ ఒక కిటుకుంది. బ్రిస్టల్‌లో పందేలు శుక్రవారం, షెఫీల్డ్‌లో గురువారం జరిగేవి. నారిచ్, ఎడింబరోలలో శనివారం. శనివారం పందెం వార్త కోసం సోమవారం పేపర్ కూడా చూడాలి. గ్లాస్గోలో అయితే మిచెల్ లైబ్రరీకి వెళ్లు, పాత పేపర్లు అక్కడ చూడొచ్చు.

తర్వాత తేదీల వరుస. ఆ ఏడాది 12 జట్లు, ఒక్కోదానికి 44 లీగ్ మ్యాచ్‌లు. పెట్రోల్ ఇంకా రేషన్‌లోనే ఉంది, 1950 మే దాకా ఎత్తలేదు. గ్లాస్గోలో రెండు ట్రాకులు, ఆష్‌ఫీల్డ్‌ది మంగళవారం, వైట్ సిటీది బుధవారం. అంటే అంత దూరం వెళ్లిన జట్టు వరుసగా రెండు రాత్రులూ పోటీపడి ఉండొచ్చు. ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న సౌతాంప్టన్ జట్టు స్కాట్లాండ్‌లో చిత్తుగా ఓడిందని రాసే ముందు, ఆ వారంలో వాళ్లు ఎక్కడెక్కడ తిరిగారో చూడు. బ్రేకుల్లేని, ఒకే గేరున్న 500 సీసీ బండిని కాలిన బొగ్గు పొడి మీద పక్కకు జార్చుతూ మలుపు తిప్పడం ఇంటి ట్రాక్ మీదే కష్టం. ప్రయాణంలో నలిగి, పరాయి ట్రాక్ మీద తిప్పడం ఎంత కష్టమో నీ పాఠకుడికి అర్థం కావాలి.

పాయింట్ల పట్టిక చూసి మనిషిని అంచనా వెయ్యకు. సొంత జట్టువాడి వెనక రెండో స్థానంలో వచ్చాడంటే ఆ హీట్ 5-1. అతను ప్రత్యర్థికి దారి ఇవ్వకుండా అడ్డుకుని ఉండొచ్చు. ప్రత్యర్థి వెనక రెండో స్థానంలో వచ్చినా రెండే పాయింట్లు. పట్టికలో రెండూ ఒకటే, జట్టుకు మాత్రం కాదు. అందుకే ఒక్కో హీట్‌లో ఎవరు ఎవరి వెనక వచ్చారో రాసుకో. పని రెట్టింపు అవుతుంది, నిజమే. అయినా చెయ్యి.

జాక్ యంగ్ గురించి రాయాలని నీకు తొందరగా ఉంటుందని తెలుసు. అడిలైడ్ నుంచి ఆ ఏడాదే ఎడింబరోకి వచ్చాడు. 1951లో సెకండ్ డివిజన్ రైడర్‌గా ఉంటూనే వెంబ్లీలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అంతకు ముందు ఆ డివిజన్ నుంచి ఎవరూ కాలేదు. కానీ 1949లో రాత్రికి మూడు, నాలుగు పాయింట్లు తెచ్చి జట్టును నిలబెట్టినవాళ్లను ముందు రాయి. వాళ్ల గురించి మరెవరూ రాయరు. ఆష్‌ఫీల్డ్‌లో తెల్ల లెదర్ సూట్‌తో నడిపిన కెన్ లె బ్రెటన్ 1951 జనవరిలో సిడ్నీలో పందెంలో పడి చనిపోయాడు. అతని 1949 పందేలు రాసేటప్పుడు ఆ చావు నీడ వాటి మీద పడనివ్వకు. ఆ వేసవిలో అతను హాయిగా గెలుస్తున్నాడు.

నీ ఊరి బ్రిస్టల్‌ని కూడా సరిగ్గా అర్థం చేసుకో. 1948లో టైటిల్ గెలిచినా పై డివిజన్‌కి వెళ్లింది వాళ్ల వెనక రెండో స్థానంలో ఉన్న బర్మింగ్‌హామ్. 1949లో మళ్లీ గెలిచాక, 1950లో గానీ బ్రిస్టల్ పైకి వెళ్లలేదు. అంటే నీ పెట్టెలో ఉన్నది ఒకసారి గెలిచినా అక్కడే ఉండిపోయిన జట్టు, రెండోసారి గెలవడానికి పడిన పాట్లు. అక్కడ నింపాదిగా రాయి.

వచ్చే నెల ఇంటికి వచ్చేటప్పుడు ఆ అతుక్కుపోయిన ప్రోగ్రాములు ఒక గట్టి అట్ట మధ్య పెట్టి తీసుకురా. అత్తయ్య వంటింటి బల్ల ఖాళీ చేసి ఇస్తానంది. అక్కడే కూర్చుని విప్పుదాం.

మీ మామయ్య