మీ ఊరు ఎప్పటిది? దాని సరిహద్దులు ఎలా మారుతూ వచ్చాయి?

మాది ఏటపాక పక్క పల్లె. అమ్మ పొద్దున్నే భద్రాచలం గుడికి నడిచి వెళ్లి వస్తుంది. గుడి తెలంగాణలో ఉంది, మా ఇల్లు ఆంధ్రలో ఉంది.

ఇక్కడ అడవి కొట్టి మొదట పొలం చేసింది కోయవారు. మా వాళ్లు తర్వాత వచ్చారు. ఇక పాలన సంగతంటారా, 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి అప్పగించాడు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో ఖమ్మం జిల్లాకు మార్చారు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలను ఆంధ్రకు ఇచ్చేశారు, మా వైపు తూర్పు గోదావరిలో కలిసింది. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది.

ఆ ఏడాదే మా చెల్లి కాలేజీలో చేరడానికి నివాస ధ్రువపత్రం కావలసి వచ్చింది. పాత కార్యాలయానికి వెళితే, "మీరు ఆంధ్రలోకి వెళ్లిపోయారు, ఇక మా చేతిలో లేదు" అన్నారు. కొత్తవైపు వెళితే రికార్డులు రాలేదన్నారు. నాన్న మూడు వారాలు తిరిగారు. చివరికి నాయనమ్మ ట్రంకు పెట్టె తెరిచి, తాతయ్య నాటి పట్టా కాగితం తీసింది. మడతల దగ్గర ముట్టుకుంటే రాలిపోతోంది. పైన "భద్రాచలం తాలూకా, తూర్పు గోదావరి జిల్లా" అని ఉంది. గుమస్తా దాన్ని రెండుసార్లు చదివి, "మీరు ముందునుంచీ మావాళ్లేనండీ!" అన్నాడు. ధ్రువపత్రం మాత్రం దసరా దాటాకే చేతికొచ్చింది. అప్పటికే చెల్లి సీటు పోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

భద్రాచలంలో చర్ల బస్సెక్కితే, దారిలో ఆంధ్రలోకి వచ్చి మళ్లీ తెలంగాణలోకి వెళుతుంది. రామాలయం భూములు పురుషోత్తపట్నంలో, అంటే మావైపు ఉన్నాయి. చెత్త వేయడానికి కూడా పట్టణానికి జాగా లేదు. మాకేమో 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అని పేరు పెట్టి, పాడేరును కేంద్రం చేశారు. 2025 చివర్లో పోలవరం జిల్లాలోకి మార్చేదాకా, కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే కొండలన్నీ దాటి పోవాల్సి వచ్చేది. జ్వరమొస్తే, పెళ్లికి బట్టలు కావాలంటే మేము వెళ్లేది భద్రాచలమే.

అందుకే నేనంటాను, ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలను భద్రాచలంతో కలిపి తీరాలి. కలిపే ముందు ఈసారైనా గ్రామసభ పెట్టి మమ్మల్ని అడగాలి. 2014లో మా ఇంటికి వచ్చి ఎవరూ ఒక్క మాట అడగలేదు.