పాత జీపు డీజిల్ ట్యాంకు పట్టీల కింద రబ్బరు బదులు చవగ్గా ఏం వేయొచ్చు?

ట్యాంకు పట్టీల కింద రబ్బరు చివికిపోయింది, కంపెనీది దొరకడం లేదు, సైకిల్ ట్యూబు వేసేయమంటున్నారు, వేయొచ్చా అని అడిగారు. వద్దండి. పాత కన్వేయర్ బెల్టు (బొగ్గూ ఖనిజమూ మోసే మందపాటి రబ్బరు పట్టా) ముక్క వేయించండి. మన విశాఖలో గాజువాక వైపు తుక్కు కొట్లలో అడిగి చూడండి. పోర్టూ స్టీల్ ప్లాంటూ ఉన్న ఊళ్లో ఆ సరుక్కి కరువేముంది?

మా బాబాయి జీపుకి ఒక మెకానిక్ "ఏం కాదు సార్, నాదీ గ్యారంటీ" అంటూ ట్యూబునే మడతపెట్టి బిగించాడు. డీజిల్ తగిలితే ట్యూబు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఆ బండికి రిటర్న్ పైపు (ఇంజను నుంచి మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగొచ్చేది) దగ్గర ఎప్పుడూ డీజిల్ చెమ్మే. సంక్రాంతి సెలవుల్లో అందరం అరకు బయలుదేరాం. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే కింద నుంచి టకటకమని చప్పుడు. డీజిల్ వాసనొస్తోందని పిన్ని అంటే, ముందు పోతున్న లారీదిలే అన్నాడు బాబాయి. కాస్త చోటున్న మలుపులో ఆపించి కిందకి దూరి చూశాను. ఒక పక్క ట్యూబు ముక్క జారిపోయింది, పట్టీ వదులైంది, ట్యాంకు ఒరిగిపోయింది. పట్టీ అంచు రాసుకుని రాసుకుని రేకు తళతళలాడుతోంది. 40 లీటర్ల డీజిల్ అంటే 33 కేజీల పైమాటే. అంత బరువు ప్రతి గుంతలోనూ ఎగిరెగిరి పడుతోందన్నమాట!

దేవుడిలా ఒక లారీ డ్రైవరు ఆగాడు. తన దగ్గరున్న పాత మడ్‌ఫ్లాప్ (చక్రం వెనక బురద చిందకుండా వేలాడే రబ్బరు) కోసి ఇచ్చాడు. ట్యాంకు కింద చెక్క పెట్టి, జాకీతో మెల్లగా లేపి, ఆ ముక్క దూర్చి పట్టీ బిగించాం. అది కన్వేయర్ బెల్టుతో చేసిన మడ్‌ఫ్లాపే. లోపల గుడ్డ పొరలుంటాయి కాబట్టి ట్యూబులా సాగిపోదు, జారిపోదు. ఆ ముక్క ఇప్పటికీ ఆ జీపుకే ఉంది. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే గాస్కెట్ షీట్లు అమ్మే షాపులో నైట్రైల్ రబ్బరు అడగండి. డీజిల్‌కీ పెట్రోలుకీ తట్టుకునేది అదే.

గోనె ముక్క, ఫెల్టు మాత్రం దగ్గరికి రానివ్వకండి. నీళ్లు పీల్చుకుని వదలవు. మన విశాఖ ఉప్పు గాలికి పట్టీ కిందే తుప్పు మొదలై, పైకి కనిపించకుండా ట్యాంకును తినేస్తుంది. అసలు ఇక్కడ బండి అడుగు భాగం ఎవరికి పట్టింది? వాటర్ వాష్‌కి ఇస్తే పైన నురగ పోసి మెరిపిస్తారు, కిందకి పైపు తిప్పమంటే మొహం చిట్లిస్తారు. సీటు కవర్లకి వేలు పోసేవాళ్లు కూడా ట్యాంకు పట్టీ దగ్గర బేరాలాడతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పొదుపు చేస్తే రబ్బరులో చేయండి, పట్టీలో కాదు. పార్శిళ్లకు చుట్టే రేకు పట్టీ, కట్టుడు వైరు, సైలెన్సర్ వేడికి కరిగే నైలాన్ తాడు ఇవేవీ పనికిరావు. పట్టీకి 3 ఎం.ఎం. ఇనప ఫ్లాటు (బద్దీ) కొని, అంచులు ఆకురాయితో నున్నగా రాయించి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు కొట్టించండి. ట్యాంకునే ఛాసీకి (బండి కింది ఇనప చట్రానికి) వెల్డింగ్ పెట్టేస్తానని ఎవరైనా అంటే బండి తీసుకుని వచ్చేయండి. గతుకుల్లో ఛాసీ మెలి తిరుగుతుంది, అప్పుడు ట్యాంకు అతుకులు చీలతాయి. పైగా ఖాళీ ట్యాంకులోనూ డీజిల్ ఆవిరి ఉంటుంది, వెల్డింగ్ వేడికి పేలొచ్చు.

కొత్త రబ్బరు వేశాక డీజిల్ ముల్లు పని చేయకపోతే మీటరు మార్చేయకండి. రబ్బరు వల్ల ట్యాంకుకి ఎర్త్ అందకపోయి ఉండొచ్చు. ట్యాంకు మీది ఫ్లోట్ యూనిట్ (డీజిల్ ఎంతుందో ముల్లుకి చెప్పేది) స్క్రూ నుంచి ఛాసీకి చిన్న వైరు కలిపించి చూడండి.