ఏ కోర్సు అని అడిగే ముందు

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేస్తాను. ఈమధ్య పెన్ టాబ్లెట్ మీద పోర్ట్రెయిట్లు వేస్తున్నాను. డిజిటల్ ఆర్టిస్టుగా స్థిరపడాలని ఉంది. ఒక సంస్థవాళ్లు ఫొటోషాప్, మాయా, జీబ్రష్, ఎడిటింగ్ అన్నీ ఒకే కోర్సులో నేర్పించి ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. చేరమంటారా? ఏఐ వచ్చాక ఈ పనులే ఉండవని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: అప్పుడే డబ్బు కట్టకండి. స్టూడియోలో 'డిజిటల్ ఆర్టిస్ట్' అని ఒకే ఉద్యోగం ఉండదు. కాన్సెప్ట్ ఆర్ట్, స్టోరీబోర్డ్, మోడలింగ్, టెక్స్చరింగ్, రిగ్గింగ్, యానిమేషన్, లైటింగ్, కంపోజిటింగ్... దేని మనుషులు దానికే ఉంటారు. పుస్తకాలకు బొమ్మలు వేసే ఇలస్ట్రేటర్ దారి మళ్లీ వేరు. రిగ్గింగ్‌కు, అంటే బొమ్మ కదిలేలా లోపల ఎముకల్లాంటివి అమర్చే పనికి, చేయి తిరిగిన చిత్రకారులు కానక్కర్లేదు. మోకాలు ఎలా వంగుతుందో తెలియాలి, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే మరీ మంచిది. అన్నీ కలిపి నేర్పే చోట మెనూలు తెలుస్తాయి, పని రాదు.

నేను క్యారెక్టర్ డిజైన్ చేస్తాను. కొత్తవాళ్ల పోర్ట్‌ఫోలియోలూ చూస్తుంటాను. వాటిలో ఎక్కువ భాగం ఫొటో చూసి వేసిన ముఖాలే. నునుపుగా, ముచ్చటగా ఉంటాయి. అదే మనిషిని వెనక నుంచి వేయమంటే మాత్రం తడబడతారు. మా పని మొదలయ్యేదే అక్కడ. ఒక పాత్రను ఎదురుగా, త్రీ క్వార్టర్‌లో (కాస్త పక్కకు తిరిగినట్టు), పక్క నుంచి, వెనక నుంచి వేసి వరసగా పెడతాం. దాన్ని టర్న్‌అరౌండ్ అంటాం. నాలుగింటిలోనూ చెవులు, మోచేతులు, మోకాళ్లు ఒకే ఎత్తులో ఉండాలి. ఎదురుగా భుజం మీద కనిపించే జడ వెనక ఎక్కడ మొదలైంది? సంచి పట్టీ ఏ భుజానిది? మోడలర్ ఆ షీటు చూసే త్రీడీలో బొమ్మ కడతారు. మీరు తేల్చనిదల్లా అక్కడ ప్రశ్నై తిరిగొస్తుంది.

అందుకని ముందు మీ సొంత పాత్ర ఒకటి తీసుకుని టర్న్‌అరౌండ్ వేయండి. తర్వాత బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ముతకగానైనా మోడల్ చేయండి. ఆపైన బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో ఆ పాత్రకు రెండు సెకన్ల నడక వేయండి. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా 24 బొమ్మలు వేయాలి. బ్లెండర్, క్రిటా రెండూ ఉచితం. ఉచితమని చిన్నచూపు వద్దు, 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న 'ఫ్లో' బ్లెండర్‌లో తయారైనదే. టర్న్‌అరౌండ్, మోడల్, నడక... ఈ మూడింటిలో ఎవరూ అడగకుండానే మీరు మళ్లీ తెరిచి దిద్దుకునేది ఏదో, ఆ ఒక్కదానికే కోర్సు వెతకండి.

అప్పుడు కూడా నేర్పేవారి సొంత పని చూపించమనండి, మొన్నటి బ్యాచ్ పిల్లల డెమో రీళ్లు (తమ పని చూపించే చిన్న వీడియోలు) అడగండి. మన పనిని ఎవరు, ఎన్నాళ్లకోసారి దిద్దుతారో కనుక్కోండి. ఉద్యోగం ఇప్పిస్తామంటే ఏ విభాగంలోనో చెప్పమనండి. మోడలింగ్ నేర్చుకుని రోటోలో, అంటే వీడియోలోని మనుషుల అంచులు ఫ్రేము ఫ్రేముకూ గీసి వేరుచేసే పనిలో, తేలడం మీకు సమ్మతమేనా?

ఏఐ గురించి ఇంట్లోవాళ్ల భయం వట్టిదేం కాదు. పోర్ట్రెయిట్‌లాంటి ఒంటరి బొమ్మలకే ఆ దెబ్బ ముందు తగులుతుందని నా అంచనా. అందుకే రఫ్ స్కెచ్‌లు, లేయర్లున్న ఫైళ్లు పారేయకండి. ఈ పని మీదేనా, ఏఐదా అని అడిగితే అవే చూపించాలి.

డిగ్రీ మాత్రం పూర్తి చేయండి. స్టూడియో అడగకపోవచ్చు గానీ, వేరే దేశంలో ఉద్యోగం వచ్చినప్పుడు వీసాకు చాలాచోట్ల అడుగుతారు.